బోబా మీద అర్జీ

ఎడపల్లి

చిరంజీవి అఖిలకు, పెద్దబాపు దేవిదాస్ కోపంగానే ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. నువ్వు క్షేమమని నరేందర్ చెప్పాడు కాబట్టి అడగడం లేదు.

కాళ్లరిగేలా తిరిగి నేను ఇప్పించిన మండలాఫీసు కంప్యూటర్ ఉద్యోగం వదిలేసి, నిజామాబాదులో దుకాణం పెడతానని నువ్వు బస్సెక్కిన రోజున ఒట్టు పెట్టుకున్నాను. ఆ దుకాణం మూసేదాకా నీతో మాట్లాడను. అందుకే నీ ఫోన్ ఎత్తడం లేదు. కానీ ఉత్తరం రాయనని ఒట్టు పెట్టుకోలేదు. ఈ సంగతి మొన్న వరికి నీళ్లు కడుతుంటే తట్టింది. కవరు అడిగితే పోస్టుమాస్టరు నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, బీరువా దులిపి తీసిచ్చాడు.

మన వాడకట్టు నరేందర్ కంఠేశ్వర్ వెళ్లి నీ బోర్డు చూసి వచ్చాడు. ఊరందరి పాస్‌బుక్కుల కాగితాలు రాసిపెట్టే మనిషి, చదవడంలో పొరపాటు పడడు. "కాకా, పైన బోబా అడ్డా అని రాసున్నది, కింద ముత్యాల చాయ్ అని ఉన్నది" అన్నాడు. అడ్డా అంటే నాకు తెలుసు. పేకాట అడ్డా చూశాను, కల్లు అడ్డా చూశాను. ఈ బోబా ఎవరు? అతనికీ నీకూ ఏం సంబంధం? చాయ్‌లో ముత్యాలు వేసేటంత కలిగినవాడికి కంఠేశ్వర్‌లో దుకాణానికి అద్దె మడిగె ఎందుకు?

తండ్రి లేని పిల్లవని చెరకు నరికిన చేతులతో నిన్ను డిగ్రీ దాకా చదివించాను. చాయ్ అమ్మడానికి డిగ్రీ కావాలా? వెంటనే జవాబు రాయి.

నీ మేలు కోరే
దేవిదాస్

తా.క.: మీ పెద్దమ్మ గంగుబాయి పక్కన కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాయమంటోంది. "బిడ్డా, తిన్నవా? గా ముత్యాలు అసలైనయే అయితే రెండు దాపెట్టు. నా కమ్మలకు సరిపోతయి."

*

కంఠేశ్వర్, నిజామాబాద్

పెద్దబాపుకు అఖిల నమస్కరించి రాయునది.

తింటున్నానని పెద్దమ్మకు చెప్పు. ఇన్నాళ్లూ ఫోన్ ఎత్తనివాడివి ఉత్తరం రాస్తే, కవరు చూసి ఎవరైనా పోయారేమోనని భయపడ్డాను. చదివాక తెలిసింది, పోయింది నా మర్యాద ఒక్కటేనని.

దుకాణం నాదీ, ఎస్తర్‌దీ. ఎస్తర్ బోధన్ మోషే గారి అమ్మాయి. హైదరాబాదులో ఇలాంటి దుకాణంలోనే పని నేర్చుకుంది. నువ్వు అనుమానపడ్డ అతనెవరూ లేడు. బోబా తైవాన్ నుంచి వచ్చింది. నల్లగా, గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. కాలేజీ పిల్లలకు బోబా అంటే ప్రాణం. పొద్దున పదింటికల్లా తయారవుతుంది. చీకటి పడితే గట్టిపడిపోయి ఎందుకూ పనికిరాదు. అయినా బోబా లేనిదే మా దుకాణం లేదు.

కౌంటర్ దగ్గర జనం ఉన్నారు. ఇంతకన్నా రాయడానికి తీరిక లేదు.

అఖిల

తా.క.: చాయ్ అమ్మడానికి డిగ్రీ అక్కర్లేదు, నిజమే. మండలాఫీసులో ఏడాదిపాటు నేను చేసింది కూడా సార్లకు చాయ్ తేవడమే. ఇక్కడ నా చాయ్ నేను అమ్ముకుంటున్నాను.

*

ఎడపల్లి

చిరంజీవి అఖిలకు దీవెనలు.

అతనెవరూ లేడంటే ఊపిరి పీల్చుకున్నాను. నల్లగా ఉంటుందని చదివి, ఆడమనిషని తెలిసి మళ్లీ బిగబట్టాను.

ఇదేనా నీకు మేము నేర్పిన సంస్కారం? దేశం కాని దేశం నుంచి వచ్చిన ఆడమనిషిని పట్టుకుని నల్లగా, గుండ్రంగా ఉంటుందని రాస్తావా? మీ పెద్దమ్మ నల్లగా, గుండ్రంగా లేదా? నేనెప్పుడైనా ఒక మాట అన్నానా? (ఈ రెండు వాక్యాలు ఆమెకు చదివి వినిపించలేదు. నువ్వూ చెప్పకు.)

పదింటికి గానీ తయారుకాని, చీకటి పడితే పనికిరాని మనిషిని నమ్ముకుని సర్కారు ఆఫీసు వదిలావా? ఆమె మీ సేఠానియా, భాగస్తురాలా? కాగితాలు సరిగ్గా ఉన్నాయా? నరేందర్ అంటున్నాడు, "పరదేశపోళ్లను పెట్టుకుంటె ఠాణాల రాయించాలె కాకా. లేకపోతె పిల్ల మీదికి వస్తది." వాడు నీ గురించి చాలా ఆరాటపడుతున్నాడు. రోజుకు ఎంతమంది తాగుతారు, మడిగె ఎవరిది, అన్నీ అడుగుతున్నాడు. సొంతవాళ్లు కూడా ఇంత అడగరు.

చీకటి పడితే గట్టిపడుతుందని రాశావు. అది కీళ్లవాతం. పెద్దమ్మ మోకాళ్లకు రాసుకునే నూనె పాల ఆటోలో పంపుతున్నాను. గోరువెచ్చగా చేసి రాయమను.

కోపం తగ్గని
పెద్దబాపు

తా.క.: పెద్దమ్మ మాట: "మన ఊరికి వచ్చిన ఆడబిడ్డను ఉత్త చేతులతోటి ఉంచొద్దు. నూనెతోటి పసుపు, కుంకుమ, జాకెట్ గుడ్డ పెట్టిన. గుండ్రంగుంటదన్నవు గద, ఇంత ఎక్కువనే కోయించిన."

*

కంఠేశ్వర్, నిజామాబాద్

పెద్దబాపూ,

పాల ఆటో అతను మూట తెచ్చి "బోబా మేడం ఎవరండి?" అని అందరి ముందూ అడిగాడు. ఎస్తర్ నవ్వీ నవ్వీ నేల మీద కూర్చుంది. ఇల్లు వదిలాక నేను అంతగా నవ్వడం అదే మొదటిసారి. నవ్వాక ఏడుపొచ్చింది, అది వేరే సంగతి.

బోబా మనిషి కాదు. సాబుదానాకు పెద్దక్క. కర్రపెండలం అనే దుంప ఉంటుంది, దాని పిండితోనే మనం ఉపవాసానికి వండుకునే సాబుదానా చేస్తారు. అదే పిండిని నల్లబెల్లం పాకంలో కలిపి గోళీలంత చేసి ఉడికిస్తే బోబా. వాళ్ల దేశంలో ముద్దుగా ముత్యాలంటారు. పాలు కలిపిన చల్లటి చాయ్ అడుగున వేసి, లావుపాటి గొట్టంతో పీల్చి, నమిలి తినాలి. బోబా అనే మాటకు ఆ దేశం యాసలో వేరే అర్థం కూడా ఉందట. అది పెద్దవాళ్లకు రాయలేను.

మిగతా పేర్లు చూసి కూడా భయపడకు. తారో అంటే చామగడ్డ. చామగడ్డ పాలు అని రాస్తే ఒక్కడూ రాడు, తారో అంటే ఫొటో తీసుకుని మరీ తాగుతారు. పులి చాయ్‌లో పులి లేదు, గ్లాసు గోడలకు బెల్లం పాకం పూస్తే చారలు పడతాయి, అంతే. గడ్డి జెల్లీ అంటే గడ్డి కాదు, పుదీనా జాతి ఆకును కాచి, గడ్డకట్టించి కోసిన ముక్కలు. పేలే ముత్యాలని ఇంకో రకం, సముద్రపు నాచుతో చేసిన పొరలో పండ్లరసం ఉంటుంది, పంటి కింద చిట్లుతుంది.

ఒక్కటే జాగ్రత్త. కర్రపెండలం దుంపను పచ్చిగా తింటే విషం. పిండి చేసేలోపే ఆ విషం పోతుంది. అయినా ఎస్తర్ కుండ దగ్గరనుంచి కదలకుండా ఉడికిస్తుంది. మిగిలితే మర్నాటికి ఉంచం, పారబోస్తాం.

ఒకసారి వచ్చి చూడు. మాట్లాడకపోయినా ఫర్వాలేదు, కూర్చో.

అఖిల

తా.క.: జాకెట్ గుడ్డ ఎస్తర్ కుట్టించుకుంది. నూనె వాళ్ల నాన్నకు పంపింది. తారో సంగతి మన పక్కింటి తారాబాయికి చెప్పకండి, తన పేరు పెట్టామనుకుని వాటా అడుగుతుంది.

*

ఎడపల్లి

చిరంజీవి అఖిలకు దీవెనలు.

వచ్చాను. నువ్వు లేవు, చామగడ్డల కోసం గంజ్ మార్కెట్‌కు వెళ్లావట. ఒకరకంగా మేలే అయింది. నువ్వుంటే నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చేది.

నేనెవరో చెప్పలేదు. ఎస్తర్ నన్ను మామూలు గిరాకీ అనుకుంది. పులి చాయ్ అడిగాను. ఆ పిల్ల మర్యాదగానే, "షుగర్ ఎంత, అంకుల్?" అన్నది. మొహం చూసే నా జబ్బు కనిపెట్టిందనుకున్నాను. "పరగడుపున రెండు వందల పది, తిన్నంక మూడు వందలు" అని ఉన్నదున్నట్టు చెప్పాను. "గట్ల కాదు అంకుల్, మా దగ్గర ఇరవై అయిదు, యాభై, డెబ్బై అయిదు, వంద ఉన్నయి" అన్నది. "డాక్టర్‌తోటే కాలేదు బిడ్డా, ఇరవై అయిదుకు నువ్వు తగ్గిస్తవా?" అన్నాను. వెనక లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఎందుకు నవ్వారో ఇప్పటికీ తెలియదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది గానీ నా ఒంట్లోది మూడు షిఫ్టులు నడుస్తోంది, అందులో నవ్వడానికేముంది?

గొట్టం ఇచ్చింది. చేలో వేసే డ్రిప్పు పైపంత ఉంది. పీల్చాను. ముత్యం తూటాలా వచ్చి గొంతులో పడింది. కళ్లు తిరిగాయి. ఎస్తర్ కౌంటర్ దూకి వచ్చి వీపు మీద చరిచింది. ముత్యం బయట పడింది. మెట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "మెల్లగ, నమిలి తాగు అంకుల్" అని నా పక్కనే నిలబడింది.

నమిలి తాగాను. నిజం రాస్తున్నాను అఖిలా, బాగుంది. అంత బాగుండడమే నాకు నచ్చలేదు. ఇంత బాగుంటే నువ్వు దుకాణం ఎప్పుడు మూస్తావు, నేను నీతో ఎప్పుడు మాట్లాడతాను? బస్సులో ఎడపల్లి దాకా ఇదే ఆలోచన.

ఇంటికొచ్చి నరేందర్‌కు నీ ఉత్తరం చూపించాను. చదివి తల పట్టుకున్నాడు. "కాకా, విషమని పిల్లనే రాసింది. రేపు ఎవలకన్న ఏమన్న అయితె జైలుకు పోయేది అఖిలనే. ముందుగాలనే అధికారులకు చెప్పాలె" అన్నాడు. అర్జీ వాడే రాశాడు. నేను సంతకం చేశాను. నీ ఉత్తరం జతపరిచాము. ఆహార తనిఖీ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. భయపడకు, నీ పేరు చెడకుండా రాయమన్నాను. సార్లు వచ్చి నాలుగు మాటలు చెబుతారు, మీరు దుకాణం మూసుకుంటారు, నా ఒట్టు తీరుతుంది. నువ్వు ఇంటికి వస్తే చెప్పాల్సినవి చాలా జమ అయ్యాయి. పక్క గదిలోంచి నిన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో.

నీ మంచి కోరే
పెద్దబాపు

తా.క.: బోబా అసలు అర్థం నరేందర్ ఫోన్‌లో చూసి చెప్పాడు. నువ్వు రాయకపోవడమే మంచిదైంది. కానీ బోర్డు మీద అంతంత అక్షరాలతో ఎట్లా రాయించారు?

ఇంకొకటి. జతపరిచే ముందు నరేందర్ నీ ఉత్తరం మొత్తం ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. "ఎంత మంచిగ రాసింది కాకా, సదివితె ఎవలైన చేసేటట్టున్నది" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

*

కంఠేశ్వర్, నిజామాబాద్

శ్రీ దేవిదాస్ గారికి,

మీరు పంపిన సార్లు వచ్చారు. బతుకమ్మ సెలవులు, సాయంత్రం, దుకాణం నిండా పిల్లలు. ఒక సారు నా ఉత్తరం తీసి అందరి ముందూ గట్టిగా చదివాడు. "పచ్చిగా తింటే విషం" దాకా చదివి ఆపాడు. ఆ తర్వాతి వాక్యం చదవమని బతిమాలాను. "అది లాబ్ చెప్తది" అన్నాడు. కుండలో ఉన్నవి, డబ్బాలో ఉన్నవి పరీక్షకని సీసాల్లో పట్టుకెళ్లారు. ఫలితం వచ్చేదాకా తెరవొద్దని తలుపుకు నోటీసు అంటించారు.

ఎవరో వీడియో తీశారు. మర్నాటికి ఫోన్లన్నిటిలో "నిజామాబాదులో విషపు ముత్యాలు". మా దగ్గర రోజూ తాగిన పిల్లల తల్లులు వచ్చి తలుపు కొట్టి తిట్టారు. ఒకామె ఎస్తర్ మొహం మీద గ్లాసు విసిరింది. మడిగె యజమాని మంచివాడే, నోటీసు ఉన్న మడిగె తనకు అపశకునమని చెప్పి, తాళాలు వెనక్కి అడిగాడు.

ఫలితం వచ్చింది. ఏ దోషమూ లేదట. ఆ కాగితం వచ్చేసరికి అంటించడానికి మాకు తలుపు లేదు.

అర్జీ కింద సంతకం ఎస్తర్ కూడా చూసింది. ఎడపల్లి దేవిదాస్ ఎవరని అడిగింది. చెప్పాను. మీరు ఎలా ఉంటారో చెప్పాక ఆమెకు గుర్తొచ్చింది. "గొంతుల ముత్యం వడ్డ అంకులా?" అంది. మెట్టు మీద కూర్చుని, "ఎవల మీద కోపం జెయ్యాల్నో నువ్వే చెప్పు అఖిలా, వాళ్ల మీదనే జేస్త" అంది. తర్వాత ఆమె హైదరాబాదులో ఇదివరకు పని చేసిన చోటే మళ్లీ కూలికి చేరింది. కుండలు, యంత్రం ఎవరో మధ్యవర్తి వచ్చి అగ్గువ ధరకు కొని పట్టుకుపోయాడు.

నేను గది ఖాళీ చేస్తున్నాను. ఎక్కడికో ఇంకా అనుకోలేదు. ఎడపల్లికి మాత్రం కాదు.

అఖిల

తా.క.: దుకాణం మూసేశాం. మీరిక మాట్లాడవచ్చు. నాకే, ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

*

ఎడపల్లి

అఖిలా,

'మీరు' అని రాశావు. మొదట వేరే ఎవరికో రాసిన ఉత్తరం నాకు వచ్చిందనుకున్నాను.

ఫోన్ చేస్తున్నాను. నువ్వు ఎత్తడం లేదు. ఎందుకో నాకు తెలుసు. జిల్లా పేపర్లో వచ్చిన ఫొటో నువ్వు చూసే ఉంటావు. అందులో నేను కత్తెర పట్టుకుని నవ్వుతున్నాను. అది ఎట్లా జరిగిందో రాస్తాను, నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం.

కిందటి వారం నరేందర్ కారు తీసుకుని ఇంటికొచ్చాడు. "కాకా, పట్నంల జ్యూస్ దుకాణం పెడుతున్న. నీ చెయ్యి మంచిది, నువ్వే రిబ్బన్ కొయ్యాలె" అన్నాడు. నువ్వు రావని తెలిసిన దగ్గరనుంచి ఇంట్లో మీ పెద్దమ్మ నాకు అన్నం పెడుతోంది గానీ తినడానికి పిలవడం లేదు. ఎవరో ఒకరు మర్యాదగా పిలిచారు కదా అని వెళ్లాను. కారు దిగితే షామియానా, పూలు, బ్యాండు. గోడకు కొత్త రంగు, బోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. కత్తెర చేతిలో పెట్టారు. "నవ్వు కాకా" అన్నారు. నవ్వాను. కోశాను. గుడ్డ తీశారు. బోబా దర్బార్ అని ఉంది. అప్పుడు మెట్టు గుర్తుపట్టాను. ఎస్తర్ నాకు మంచినీళ్లిచ్చిన మెట్టు.

లోపల మీ కుండలే, మీ యంత్రమే. గోడ మీద పెద్ద అక్షరాలతో నీ ఉత్తరం రాయించాడు. తారో అంటే చామగడ్డ, పులి చాయ్‌లో పులి లేదు, గడ్డి జెల్లీ అంటే గడ్డి కాదు. ఒక్క అక్షరం మార్చలేదు. పైన ఉన్న 'పెద్దబాపూ' అనే మాట ఒక్కటి తీసేశాడు.

"నరేందర్, గిది విషమని నాతోటి సంతకం వెట్టిచ్చినవ్ గదరా?" అన్నాను. వాడు సిగ్గుపడలేదు. "గదే గద కాకా, టెస్టుల మంచిగనే ఉన్నదని వచ్చింది. సర్కారే చెప్పినంక ఇగ మనకేం భయం?" అని నా చేతికి గ్లాసిచ్చాడు. అక్కడే నేలకేసి కొట్టాల్సింది. జనం చూస్తున్నారు, అఖిలా. గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత బల్ల మీద పెట్టేసి బస్టాండుకు నడిచాను.

మర్నాడు ఆహార తనిఖీ ఆఫీసుకు వెళ్లాను. ఇంకో అర్జీ ఇస్తానన్నాను. పేరు, ఊరు చెప్పగానే అక్కడి క్లర్కుకు పాత అర్జీ గుర్తొచ్చింది. "ఏం పెద్దమనిషివయ్యా, పోయినసారి నీ కాగితం తోటి ఇద్దరు ఆడపిల్లల దుకాణం మునిగింది. మళ్ల ఎవల మీద వచ్చినవ్?" అన్నాడు. "నా మీదనే, సారూ" అన్నాను. అతను పెన్ను పక్కన పెట్టి, "గట్ల ఇయ్యడానికి మా దగ్గర ఫారం లేదు" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

ఈ ఉత్తరం నువ్వు ఖాళీ చేసిన గదికే వెళుతుందేమో. పోస్టుమాస్టరు అన్నాడు, మనిషి లేకపోతే తిరిగి మనకే వస్తుందట. వస్తే మళ్లీ పంపిస్తాను.

దేవిదాస్

తా.క.: ఎస్తర్ హైదరాబాదులో ఎక్కడుంటుందో అడ్రసు పంపు. ఆ పిల్లకు కూడా రాయాలి. ఏం రాయాలో తెలియదు. ముందు అడ్రసు పంపు.